పాత క్యాంపర్ వ్యాన్‌కు గాలి కిటికీలు: అట్ట నమూనా నుంచి నీటి పరీక్ష దాకా

పాత ట్రావెలర్, వింగర్, ఓమ్నీ లాంటి బండ్లను పడుకోవడానికి వీలుగా మార్చుకున్నవాళ్లు విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. అందరి బాధా ఒకటే. చింతపల్లి బీచ్‌లోనో కళింగపట్నంలోనో రాత్రి బండి ఆపితే బయట చల్లటి గాలి, లోపల ఉక్కపోత. తలుపు తీస్తే దోమలు. కిటికీ ఎలా పెట్టించాలో వరసగా చెప్పమని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఇదిగో ఆ వరస.

కిటికీ అంటే రేకుకు కన్నం చేయడమే అనుకుంటారు. ఆ కోత కాసేపటి పని. దానికి ముందు కొలతలు, దాని తర్వాత తుప్పు పట్టకుండా, నీరు దిగకుండా చూసుకోవడం, ఇదే అసలు పని. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లలో రంగు వేయకుండా వదిలేసిన కోత అంచు ఎక్కువ రోజులు నిలవదు.

పనికి మంచి కాలం సంక్రాంతి తర్వాత, ఉగాది లోపు. రేకు పొడిగా ఉంటేనే సీలెంటు (సందుల్లోంచి నీరు దిగకుండా పూసే జిగురు) పట్టుకుంటుంది. అక్టోబరులో మాత్రం మొదలుపెట్టొద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన తీరాన్నే దాటాయి. సగం కోసిన బండి ఆ నెలలో షాపు బయట ఉంటే నిద్ర పట్టదు.

## 1. ముందు గాలి దారి తేల్చుకోండి

గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి కావాలి. ఒకే వైపు రెండు కిటికీలు పెట్టినా బండిలో గాలి ఆడదు. ఎదురెదురు గోడల్లో ఐమూలగా పెట్టండి, అంటే ఒకటి ముందు వైపు, రెండోది వెనక వైపు. గాలి మంచం మీదుగా సాగిపోతుంది.

వచ్చే దారి పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో, పోయే దారి వీలైనంత పైన ఉండాలి. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి గాలి ఆగిపోయిన రాత్రి కూడా కొంత కదలిక ఉంటుంది.

తీరంలో పగలు సముద్రం మీంచి గాలి వీస్తుంది. రాత్రి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది, అదీ పలచగా. మీరు పడుకునేది రాత్రే కదా. అందుకే కిటికీలతో పాటు టాపు మీద ఒక వెంటిలేటరు, దానికి చిన్న 12 వోల్టుల ఫ్యాను పెట్టే ఆలోచన చేయండి. తాటిపూడి, అరకు వైపే ఎక్కువ తిరిగేవాళ్లకు కిటికీలు చాలు.

సైజు విషయంలో చాలామంది ఒక లెక్క మర్చిపోతారు. 60 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు ఉన్న కిటికీ అంటే 2,400 చదరపు సెం.మీ. కానీ జరిపే అద్దమైతే సగమే తెరుచుకుంటుంది. మిగిలేది 1,200. దానికి దోమతెర కొడితే గాలి ఇంకా తగ్గుతుంది. మీకు కావలసింది అద్దం సైజు కాదు, తెరుచుకునే మేర. లెక్క దానితోనే వేయండి.

ఇక్కడే రెండు జాగ్రత్తలు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కిటికీ ఎంత పెద్దదైనా దాన్ని బయటికి పంపలేదు. సిలిండరు పెట్టే గూటికి కింది భాగంలో బయటికి కన్నం విడిగా ఉండాలి. రెండోది, సైలెన్సర్ గొట్టం బయటికి వచ్చే చోటుకు పైన కిటికీ పెట్టొద్దు. ఇంజిన్ గానీ జనరేటర్ గానీ నడుపుతూ లోపల నిద్రపోవద్దు, కిటికీలు తెరిచి ఉన్నా సరే.

## 2. కాగితాల సంగతి

ఇది చిన్న విషయమే, కానీ ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసేసినా, బాడీ మార్చినా అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ ఆఫీసుకు గీసిన బొమ్మ తీసుకెళ్లి అడగండి. బీమా కంపెనీకీ రాతపూర్వకంగా తెలియజేయండి.

అద్దం సేఫ్టీ గ్లాసే అయ్యుండాలి. మూలన ఐ.ఎస్. 2553 ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. నల్ల ఫిల్ము జోలికి పోకుండా, బండి ఆపిన చోట పరదా వేసుకోండి. యాక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) కిటికీ పెట్టాలనుకుంటే అది నడుస్తుందో లేదో కూడా ఆ ఆఫీసులోనే ముందు అడగండి. బండికి అత్యవసర ద్వారం ఉంటే దాన్ని ఏ పరిస్థితిలోనూ మూయొద్దు.

## 3. ఏ రకం కిటికీ?

జరిపే అద్దం. మనకు తేలిగ్గా దొరికేది, రిపేరు చేయించుకోగలిగేది ఇదే. బయటికి పొడుచుకు రాదు. సగమే తెరుచుకోవడం, వాన జల్లు కొడితే మూసేయాల్సి రావడం దీనికి లోపాలు.

పైన బందులుండి కింద నుంచి బయటికి తెరుచుకునేది. అద్దమే చూరులా అడ్డుంటుంది కాబట్టి వానలోనూ కాస్త తెరిచి పెట్టుకోవచ్చు. మొత్తం మేర తెరుచుకుంటుంది. తెరిచి ఉంచిన సంగతి మర్చిపోయి బండి తీస్తే మాత్రం మొదటి చెట్టుకొమ్మకే పోతుంది. ఎక్కువగా యాక్రిలిక్‌తో వస్తాయి, ఇసుక చేత్తో తుడిస్తే గీతలు పడతాయి.

రేకుల జాలీ. టాపు దగ్గర గాలి పోవడానికి బాగుంటుంది. మట్టి రోడ్డు మీద దుమ్మంతా లోపలికి పీలుస్తుంది. లోపల మూసుకునే తలుపు ఉంటేనే పెట్టండి.

నన్నడిగితే తల వైపు జరిపే అద్దం, ఎదుటి గోడలో పైకెత్తి తెరిచే కిటికీ. మంచి వానలో కూడా ఒకటి తెరిచి ఉంచుకోగలగాలి, మన దగ్గర ఉక్క ఎక్కువయ్యేది అప్పుడే.

ఇళ్లకు అల్యూమినియం కిటికీలు చేసే షాపులో చవగ్గా అవుతుందని చాలామంది అక్కడికే వెళ్తారు. ఆ అల్యూమినియం ఫ్రేము ఇంటి గోడలో కదలకుండా ఉండటానికి చేసింది. గతుకుల్లో స్క్రూలు వదులై దడదడలాడుతుంది. పైగా మూలలు పలకగా ఉంటాయి, రేకు చీలేది అక్కడే. బస్సు బాడీ పని చేసేవాళ్ల దగ్గర గుండ్రటి మూలలతో చేయించండి. మీ ఊళ్లో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్ దాకా వెళ్లడం దండగ కాదు.

## 4. గోడను చదవండి

పాత బండి గోడ పైకి కనిపించేంత సాఫీగా ఉండదు. ఈ నాలుగూ చూడకుండా గీత గీయొద్దు.

పుట్టీ ఎక్కడుంది. చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. పట్టు తప్పి జారిన చోట కింద పుట్టీ దట్టంగా ఉన్నట్టు. అక్కడ రంపం పెడితే ఆ అదురుకు పెచ్చులుగా ఊడుతుంది, దాని కింద పాత తుప్పు బయటపడుతుంది. చోటు మార్చుకోండి, లేదా ముందు టింకరింగ్ చేయించండి.

అడ్డబద్దలు, నిలువు బద్దలు. లోపలి లైనింగ్ విప్పితేనే కనిపిస్తాయి. బండి బలమంతా వాటిలోనే ఉంది. కిటికీ రెండు బద్దల మధ్యే పట్టాలి. బద్ద కోసి పెద్ద కిటికీ పెడతామని ఎవరైనా అంటే ఆ పని వాళ్ల చేత చేయించొద్దు.

వైర్లు. వెనక లైట్లకు వెళ్లే వైర్లు చాలా బండ్లలో గోడ లోపలి నుంచే పోతాయి. పక్కకు లాగి కట్టేయండి.

వంపు. పొడవాటి రసమట్టాన్ని గోడకు నిలువుగా ఆనించండి. రెండు చివర్లా ఎంత సందు వస్తోందో చూడండి. కిటికీ ఎత్తు మేరలో 3 మి.మీ. దాటితే చదునైన ఫ్రేము అక్కడ కూర్చోదు. స్క్రూలతో బిగించి లాగేద్దామంటే ఫ్రేము మెలితిరుగుతుంది. టఫెన్డ్ గ్లాసు (కాల్చి గట్టిపరచిన అద్దం) ఆ ఒత్తిడికి ఏదో ఒక రోజు పొడిపొడిగా రాలుతుంది. కిటికీ ఎత్తు తగ్గించండి, లేదా గోడ వంపుకు తగ్గట్టు ఫ్రేమునే వంచి చేయించండి.

పక్కకు జరిగే తలుపున్న బండైతే ఇంకొకటి చూడాలి. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు ఏ గోడ మీదకు వస్తుందో ఆ గోడలో పెట్టిన ఫ్రేము తలుపుకు తగులుతుంది. తలుపుకూ గోడకూ మధ్య ఉన్న సందు కొలిచి, ఫ్రేము మందం దానికన్నా తక్కువ ఉంటేనే అక్కడ పెట్టండి.

## 5. అట్ట నమూనా

టీవీ డబ్బా అట్ట తీసుకుని కిటికీ సైజుకు, మూలల గుండ్రంతో సహా కత్తిరించండి. బయట టేపుతో అతికించి దూరం నుంచి చూడండి. ఇంకో అట్ట లోపల అదే చోట అతికించి మంచం మీద పడుకుని చూడండి. చెయ్యి అందుతుందా? గడియ తీస్తే మోచెయ్యి దేనికైనా తగులుతుందా? పక్కనున్న గూటి తలుపు తెరుచుకుంటుందా?

రెండు రోజులు అట్టను అలాగే ఉంచండి. ఇంట్లోవాళ్లు చెప్పే మార్పులన్నీ అట్ట మీదే చేసుకోండి.

## 6. కిటికీ చేయించడం

టఫెన్డ్ గ్లాసును ఒకసారి కాల్చాక కోయలేరు, కన్నం పెట్టలేరు. కొలత తప్పితే కొత్త అద్దమే. కొలతలు కాగితం మీద రాసి, అట్ట నమూనా కూడా షాపులో ఇచ్చి రండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి:

- గోడ మొత్తం మందం, బయటి రేకు నుంచి లోపలి లైనింగ్ దాకా
- బయటి అంచు రేకు మీద కనీసం 20 మి.మీ. కప్పాలి
- మూలలు గుండ్రంగా, 50 మి.మీ. వ్యాసార్ధానికి తగ్గకుండా
- కింది చానెల్‌లో (అద్దం జరిగే గాడిలో) నీరు బయటికి పోయే కన్నాలు
- లోపలి నుంచి బిగించే రింగు, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు
- విప్పి కడుక్కోగల దోమతెర

కిటికీ చేతికి వచ్చాక మళ్లీ కొలవండి. నాలుగు వైపులతో పాటు ఐమూలలు కూడా. ఐమూలలు రెండూ సమానంగా లేకపోతే ఫ్రేము ఒరిగినట్టు, వెనక్కి ఇచ్చేయండి. కిటికీ చేతిలోకి రాకుండా బండికి రంపం పెట్టొద్దు. షాపువాళ్లు "ముందు కోసి ఉంచండి సార్, రేపు తెచ్చేస్తాం" అంటారు. ఆ రేపు ఎప్పుడొస్తుందో మనందరికీ తెలిసిందే.

## 7. కోసే రోజుకు సిద్ధం చేసుకోవలసినవి

- జిగ్‌సా (చేత్తో పట్టుకునే కరెంటు రంపం), ఇనుము కోసే సన్నపళ్ల బ్లేడ్లు (అంగుళానికి 24 పళ్లు), రెండు మూడు అదనంగా
- డ్రిల్లింగ్ మిషన్, 3 మి.మీ., 10 మి.మీ. బిట్లు
- ఆకురాయి, ఎమరీ పేపరు
- వెడల్పాటి మాస్కింగ్ టేపు, పాత దుప్పట్లు
- జింక్ ప్రైమరు, బండి రంగు, చిన్న బ్రష్షు
- బ్యూటైల్ టేపు (మెత్తటి, జిగట రబ్బరు పట్టీ), పియు (పాలీయూరిథేన్) సీలెంటు
- టేకు బద్దలు లేదా అల్యూమినియం చదరపు గొట్టం
- కళ్లద్దాలు, గ్లౌజులు, చెవులకు దూది
- సాయానికి ఒక మనిషి

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. లైనింగ్, గ్లాస్‌వూల్ కోత చుట్టూ జానెడు మేర తొలగించండి, లేకపోతే జిగ్‌సా బ్లేడుకు చుట్టుకుంటాయి.

గ్రైండర్‌తో కోస్తే గబగబా అయిపోతుంది. కానీ నిప్పురవ్వలు రంగు మీద, పక్క అద్దాల మీద చుక్కలుగా అంటుకుని తర్వాత తుప్పు మచ్చలవుతాయి. కోత అంచున రంగు కూడా కాలిపోతుంది. జిగ్‌సానే వాడమని గట్టిగా చెప్పండి.

## 8. కోత

1. లోపలి నుంచి కిటికీ మధ్యభాగంలో 3 మి.మీ. కన్నం ఒకటి పెట్టి, బయట అనుకున్న చోటే వచ్చిందో లేదో చూడండి.

2. బయట రేకు మీద మాస్కింగ్ టేపు పరిచి దాని మీద గీయండి. కన్నం ఫ్రేము కన్నా చుట్టూ 2 మి.మీ. పెద్దదిగా ఉండాలి, అంతకన్నా ఎక్కువ వద్దు. గీతను నేలతో కాకుండా బండి బాడీ గీతతో సరిచూడండి. బండి నిలబడ్డ నేల వాలుగా ఉండొచ్చు.

3. గీతకు లోపలి వైపు నాలుగు మూలల్లో 10 మి.మీ. కన్నాలు పెట్టండి. జిగ్‌సా అడుగు పలకకు కూడా టేపు వేయండి, రంగు గీసుకోదు.

4. గీతకు కాస్త లోపలగా కోయండి. పై అంచు ముందు, తర్వాత పక్కలు, చివరికి కింద. కోసిన మేర వెంటనే టేపుతో అతికిస్తూ రండి. లేకపోతే చివరి రెండంగుళాల్లో ముక్క బరువుకు వేలాడి రేకును చింపేస్తుంది. లోపలి మనిషి ముక్కను పట్టుకుని ఉండాలి.

5. మిగిలింది ఆకురాయితో గీత దాకా అరగదీయండి. ఫ్రేమును పెట్టి చూడండి. నొక్కకుండా కూర్చోవాలి.

ఇనుప రజను అంతా ఎత్తేయండి. కింది మడతలోకి జారిన రజను కంటికి కనిపించదు. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తిప్పండి, ఆ తర్వాత వ్యాక్యూమ్. ఒక్క వానకే ఆ రజను ఎర్రటి చారలుగా కారుతుంది.

## 9. అంచుకు రంగు

తొందరపడేది ఇక్కడే. అంచును ఎమరీతో రుద్ది, థిన్నరు గుడ్డతో తుడిచి, జింక్ ప్రైమరు వేయండి. ఆరాక బండి రంగు రెండు పూతలు. అంచు మందానికీ, వెనక వైపు రేకుకూ కూడా పట్టాలి. రాత్రంతా ఆరనివ్వండి. కన్నానికి టార్పాలిన్ కట్టి ఇంటికి వెళ్లిపోండి.

## 10. గోడ మధ్యలో చట్రం

బయటి రేకుకూ లోపలి లైనింగ్‌కూ మధ్య బోలుగా ఉంటుంది. అలాగే బిగిస్తే రెండూ లోపలికి నొక్కుకుపోయి రేకు సొట్టపడుతుంది. కన్నం చుట్టూ ఆ సందుకు సరిపోయే మందంలో టేకు బద్దలు గానీ అల్యూమినియం గొట్టం గానీ పియు సీలెంటుతో అతికించి, ఆరేదాకా క్లాంపులు వేయండి. మామూలు ప్లైవుడ్ వద్దు, మన తేమకు ఉబ్బుతుంది. చెక్క వాడితే నాలుగు వైపులా రంగు పట్టించాకే పెట్టండి.

## 11. బిగింపు

"ఏటీ అవదు బాబూ, సిలికాన్ దట్టించేద్దాం" అనే మాట ఏ షాపులోనైనా వినిపిస్తుంది. పులుపు వాసన వచ్చే సిలికాన్ రంగు లేని ఇనుమును తినేస్తుంది. అది అంటిన చోట మళ్లీ రంగు పట్టదు. ఫ్రేము కింద బ్యూటైల్ టేపు, బయట అంచుకు పియు సీలెంటు. ఇవి రెండూ చాలు.

బ్యూటైల్ టేపును ఫ్రేము అంచు వెనక ఒకే ముక్కగా చుట్టండి, అతుకు కింది వైపు మధ్యలో రావాలి. వంపున్న గోడైతే రెండు పొరలు. ఫ్రేమును కింది అంచు ముందు ఆనించి, తర్వాత పైకి నొక్కండి.

లోపలి రింగు స్క్రూలు చేతి స్క్రూడ్రైవరుతోనే తిప్పండి. స్క్రూ పొడవు ముందే కొలవండి, బయటి రేకును పొడవకూడదు. ఒక మూల, దానికి ఎదురు మూల, అలా కొంచెం కొంచెంగా మూడు నాలుగు చుట్లు. బయట ఉన్న మనిషి చూస్తుంటే బ్యూటైల్ నల్లటి దారంలా చుట్టూ బయటికి వస్తుంది. దారం ఎక్కడ తెగిందో అక్కడ ఇంకా ఒత్తాలి. చుట్టూ ఒకేలా వచ్చాక ఆపేయండి. అంతకు మించి బిగిస్తే టేపంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు.

మర్నాడు ఎండలో బండి వేడెక్కాక ఇంకో పావు చుట్టు తిప్పండి. పొడుచుకొచ్చిన బ్యూటైల్‌ను ప్లాస్టిక్ ముక్కతో తీసేసి, పైనా రెండు పక్కలా సన్నగా పియు సీలెంటు వేయండి. కింది వైపు నీరు పోయే కన్నాల దగ్గర సీలెంటు పడనివ్వొద్దు.

## 12. నీటి పరీక్ష

సీలెంటుకు ఒక రోజు ఇవ్వండి. తర్వాత గొట్టంతో నీళ్లు కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి రండి. ఒక్కో వైపు అయిదు నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా కారి, ఎక్కడ దిగుతోందో తెలియదు.

లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. అంచు వెంట న్యూస్‌పేపరు ముక్కలు అతికిస్తే తడి వెంటనే కనిపిస్తుంది. లైనింగ్ తిరిగి మూసేది ఈ పరీక్ష పాసయ్యాకే.

## 13. వచ్చే తంటాలు, వాటికి మందు

కన్నం పెద్దదైంది. 20 మి.మీ. అంచు కప్పేంత వరకు భయం లేదు. అంతకన్నా ఎక్కువైతే వెల్డింగ్ వద్దు, వేడికి రేకు అలలు తేలుతుంది. వెనక నుంచి అల్యూమినియం పట్టీ పియు సీలెంటుతో అతికించి కన్నం సరిచేయండి.

మూలన రేకు చీలింది. చీలిక చివర సరిగ్గా 3 మి.మీ. కన్నం పెట్టండి, అక్కడితో ఆగుతుంది. ప్రైమరు వేసి వెనక పట్టీ అతికించండి.

తెల్లారేసరికి కిటికీ కింద తడి. లీకనుకుని సీలెంటు మీద సీలెంటు వేసేస్తారు. వాన లేని రోజు కూడా తడి ఉంటే అది మన ఊపిరి తేమే. శీతాకాలం అరకులో పడుకుంటే ఇది ఖాయం. పై వెంటిలేటరు కాస్త తెరిచి పడుకోండి.

వానలోనే నీరు వస్తోంది. ముందు చానెల్ కన్నాలు ఇసుకతో మూసుకుపోయాయేమో పిన్నుతో పొడిచి చూడండి. చాలాసార్లు అదే. కాకపోతే కిటికీ విప్పి, పాత బ్యూటైల్ తీసేసి కొత్తది వేయాల్సిందే. పైపైన పూస్తే నీరు వేరే దారి వెతుక్కుంటుంది.

నడుస్తుంటే అద్దం టకటక. చానెల్‌లో గుడ్డ పట్టీ అరిగి ఉంటుంది, మార్పించండి. ఫ్రేమే కదులుతుంటే స్క్రూలు చూడండి.

అద్దం జరగడం లేదు. ఇసుక. బ్రష్షుతో దులిపి, మంచినీళ్లతో కడిగి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు. రబ్బరు ఉబ్బుతుంది, ఇసుక ఇంకా అంటుకుంటుంది. సముద్రం దగ్గర బండి పెట్టిన ప్రతిసారీ ఇంటికి రాగానే ఫ్రేముల చుట్టూ మంచినీళ్లు కొట్టండి. జూన్‌లో వానలు పడేలోపు నీటి పరీక్ష ఇంకోసారి చేసుకోండి.